పొందూరు నుంచి ఏడూ నలభై

ఏడూ నలభై ప్యాసింజరు ఎనిమిదీ ఐదుకొచ్చింది.
యాప్‌లో మాత్రం అది ఏడూ నలభైకే వెళ్లిపోయింది.
ప్లాట్‌ఫారం మీద నలభై మందిమి
వెళ్లిపోయిన రైలు కోసం ఎదురుచూశాం.

కిటికీ పక్కన తవిటినాయుడు గారు.
జూట్ మిల్లులో ముప్పై ఏళ్ల షిఫ్టు దిగి
పీఎఫ్ కాగితం కోసం ఆర్నెల్లుగా తిరుగుతున్న మనిషి.
మనవడు కొనిచ్చాడట, చెవిలో పెట్టుకునేవి,
తెల్లగా, చిక్కుడు గింజల్లా. వైరు లేదు.
"బయట సప్పుడంతా ఆపెత్తాదట తల్లీ" అంటూ
పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుని
"మగ్గాల మోత లోపలుండిపోనాది.
దాన్ని ఆపీది ఎప్పుడొత్తాదో" అన్నాడు.
ఎవరూ నవ్వలేదు.
సిగడాం వచ్చింది.

సిగడాంలో ఎక్కిన కుర్రాళ్లకి ఇవాళ ఒకటే మాట:
అర్ధరాత్రి టీజర్ వదిలారు.
యాభై రెండు సెకండ్లు. హీరో ముఖం మూడు సెకండ్లు.
పాలిటెక్నిక్ గౌరీసు లెక్కపెట్టి మరీ చెప్పాడు.
వేలితో వెనక్కి లాగి, ముందుకి తోసి
ఆ పొగలో మెరిసింది కత్తా, గొడ్డలా అని
బాతువ దాటేదాకా వాదన.
ములక్కాడల మోపు కాళ్ల మధ్య ఇరికించుకున్న దాలమ్మ
మెడ చాచి ఒక్కసారి చూసింది.
"కొడవలిరా అది.
కోతలకెల్లినోల్లకి తెల్దేటి ఆ వొంపు?"

చీపురుపల్లి ముందు సిగ్నల్ పోతుంది, రోజూ అక్కడే.
నేను చదివే వార్త సగంలో ఆగిపోతుంది.
మడత ఫోను. ఇప్పుడు మూడు మడతలట.
ధర చూశాను, నా జీతానికి ఐదు మడతలు.
లక్షసార్లు మడిచినా విరగదని హామీ.
మా అత్త మోకాళ్లు గుర్తొచ్చాయి.

అత్త దగ్గరా ఒక పరికరం ఉంది.
వాలుగ చేప దవడ ఎముక, సన్నటి పళ్లు, చిన్న పిడి.
గింజకి అంటుకున్న పత్తిని దాంతో దువ్వుతుంది,
పసిపిల్ల తల దువ్వినట్టు కాదు,
బడికి టైమైపోతున్న పిల్ల తల దువ్వినట్టు.
పళ్లు అరిగితే ఇంకో దవడ.
మొన్నెవరో వచ్చి వీడియో తీసి పెట్టారు,
దూది ఎగిరే చోట స్లో మోషన్, వెనక వయొలిన్.
రెండు లక్షల మంది చూశారు.
అత్త ఒకసారి చూసింది.
"నా సెయ్యి అంత నెమ్మదిగా ఆడదు.
అలాగాడితే పూటకి తిండెక్కడిది?"

గరివిడిలో దుమ్ము.
పెట్టెలో ఉన్న ఫోన్లన్నిటి మీదా ఒకే బూడిద పొర.
అందరూ ఒక్కసారే తుడుచుకుంటారు,
చొక్కా అంచుతో, పైటతో, అరచేత్తో,
ముక్కు కారుతున్న పిల్లల మూతి తుడిచినట్టు.
నా చేతికి తమ్ముడి పాత వాచీ.
బుర్రున వణికి, "కాసేపు లేచి నిలబడండి" అంది.
పొందూరు నుంచి నిలబడే ఉన్నానమ్మా.

నెల్లిమర్లలో తవిటినాయుడు గారు దిగారు.
రైలు కదిలాక చూశాం,
సీటు మీద ఒక గింజ ఉండిపోయింది.
గౌరీసు దాన్ని తీసి, తలుపు దగ్గరికి ఉరికి,
ఎందుకో చెవిలో పెట్టుకున్నాడు.
ఆయన ఫోను ఇంకా అందుతున్నట్టుంది.
వాడి ముఖం మారింది.
"తప్పెటగుళ్లు" అన్నాడు. "గజ్జెలు కూడా..."
ప్లాట్‌ఫారం అయిపోయింది.
"తెగిపోనాది."

రేపు ఇచ్చేద్దాం అనుకున్నాం.
ఎవరి దగ్గరుంచాలి అంటే ఎవరూ మాట్లాడలేదు.
దాలమ్మ చెయ్యి చాచి తీసుకుని
చిల్లర పక్కన కొంగున ముడేసింది.
ఆ ముడిలో నీలం చుక్క ఒకటి
వెలుగుతూ ఆరుతూ, ఎవరినో వెతుకుతూ,
విజయనగరం దాకా వచ్చింది.

దిగాక వాచీ చూసుకున్నాను.
రైలు కుదుపులన్నీ లెక్కేసుకుని
మూడు వేల అడుగులు నడిచానంటుంది.
కాదనలేదు.