ముప్పై శాతం

మా భాషలో ముప్పై ఉంది, నలభై ఉంది,
యాభై లేదు.
సగానికి సగం అనుమానముంటే
దాన్ని అనుమానమనకూడదు, వస్తుందనే రాయాలి.
ఇరవై అయితే నోరు మూసుకోవాలి.

నూక్‌లో తెల్లవారుజాము నాలుగు.
తెర మీద తూర్పు తీరమంతా గళ్ళ దుప్పటి,
గడికో అంకె, అంకెకో రంగు.
కులుసుక్ పచ్చగా ఉంది:
ఇరవై నాట్ల గాలి, పది కిలోమీటర్ల చూపు.
కంప్యూటర్‌కి ఏ దిగులూ లేదు.

నాకుంది.
మంచు పీఠం నడినెత్తిన, మనిషి లేని స్తంభం దగ్గర
ఉష్ణోగ్రత గంటలో ఆరు డిగ్రీలు జారింది.
చల్లబడ్డ గాలి బరువెక్కుతుంది,
బరువెక్కిందేదైనా పల్లం వెతుక్కుంటుంది.
పితెరాక్ అంటాం దాన్ని. మీద పడేది అని అర్థం.
మా అత్త ఇంటి కప్పు ఒకసారి దానితో వెళ్ళిపోయింది,
మర్నాడు సముద్రపు మంచు మీద దొరికింది
అటక కిటికీతో సహా.

గడిలో నా చేత్తో రాశాను:
డెబ్బై నాట్లు. పది నుంచి పదహారు గంటల మధ్య.
ముప్పై శాతం.

ఆరింటికి ఇనూతెక్ ఫోను. టాబ్లెట్లో చూసుకున్నాడు.
"ముప్పై అంటే ఎంత?"
పదేళ్ళుగా విమానం నడిపేవాడు అడిగే ప్రశ్న కాదిది.
లెక్క అతనికీ తెలుసు:
దిగలేకపోతే వెనక్కి రావాలి,
వెనక్కి రావాలంటే ఇంధనం మోయాలి,
ఇంధనం మోయాలంటే మనుషుల్ని దించాలి.
ఎవర్ని?

పళ్ళ డాక్టరమ్మ దిగింది, డ్రిల్లు పెట్టెతో.
రెండు బుట్టల టమాటాలు దిగాయి.
హ్యాండ్‌బాల్ ఆడే పిల్లలు ముగ్గురు దిగారు,
నా కిటికీ వైపు చూడలేదు,
నేనెవరో వాళ్ళకి తెలియదు కదా.

పదయింది. పదకొండు. పన్నెండున్నర.
కులుసుక్ కెమెరాలో గాలిసంచి
నిద్రపోతున్న పిల్లి తోకలా వేలాడింది.
ఇనూతెక్ వెళ్ళాడు, వచ్చాడు,
దాచుకున్న ఇంధనం దాచుకున్నట్టే ఉంది.
మబ్బును చూసి ముంత ఒలకబోసుకోవద్దంటారు;
ముంత ఒలకబోయించడమే నా ఉద్యోగం.

సాయంత్రం ఉపగ్రహం పంపిన బొమ్మలో
నాలుగు గళ్ళు దక్షిణాన, ఊరు లేని ఫ్యోర్డు ఒకటి
అంచు దాకా తెల్లగా నురగెత్తి ఉంది.
అక్కడ కొలిచేవాళ్ళు లేరు, దిగేవాళ్ళూ లేరు.
ఎవరికీ చెప్పలేదు.
చెబితే సమర్థించుకున్నట్టుంటుంది.

డాక్టరమ్మ ప్రయాణం గురువారానికి మారింది.
ఈ రాత్రి కులుసుక్‌లో ఎవరో
దవడ పట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంటారు.
ఆ ఒక్కటీ
శాతం లేకుండా రాయగలను.