కుడివైపు మార్జిన్

పరీక్షలు అయిపోయిన రాత్రి
సాల్మియాలో మా ఇంటి పిల్లలు
నోటు పుస్తకాలన్నీ నల్ల సంచుల్లో కుక్కి
వంటగది తలుపు పక్కన పడేస్తారు.
నలుగురు పిల్లలు, ముప్పై ఆరు పుస్తకాలు.
సగం కూడా రాయరు మహానుభావులు.

"బెంషలా, చెత్త!" అంటుంది మేడం.
పెంచలమ్మను నేను.
వీళ్ల నోట 'ప' పలకదు, 'చ' అసలే పలకదు.
పదకొండేళ్లయింది, దిద్దడం మానేసినా.

చెత్త యాడెయ్యాలో నాకు తెలుసు.
ముందు నా మంచం కిందికి.

ఇస్త్రీ గదే నా గది.
అందరూ పండుకున్నాక
నిమ్మకాయ కోసే కత్తితో పిన్నులు లేపి
తెల్ల కాగితాలు ఒక్కొక్కటే ఊడదీస్తా.
తెల్లవి అంటాను గానీ తెల్లవి కావు.
చిన్నది దలాల్ పెన్సిలు ఒత్తి రాస్తుంది,
రాయని పేజీ మీద కూడా వేలు పెడితే
దాని కూడికలు తగులుతాయి.

దారం బాస్మతి సంచి మూతిది.
కొస దొరకబుచ్చుకుని ఒక్క లాగు లాగితే
సర్రుమని మూరెడు మూరెడు వస్తుంది.
అట్టలు ఖర్జూరం పెట్టెలవి,
జిగురు మైదాపిండి.
దబ్బనం మాత్రం కొన్నా, పావు దీనారు.

ఈ కాగితాలకు ఎర్రగీత కుడివైపు.
వాళ్ల రాత అటునుంచి బయల్దేరుతుంది,
మనది పోయి పోయి ఆ గీతకు కొట్టుకుంటుంది.
"ఆడికొచ్చి ఆగాల్నా, దాటాల్నా?"
ఓబులమ్మ అడిగింది పోయినేడు.
దాటు, ఎవురు కొడతారు, అన్నా.
అన్నాక నాలిక కరుచుకున్నా.

ఓబులమ్మది అరచేయంత ఉండాల.
దాని మేడం సంచి వెతుకుతుంది, రవిక వెతకదు.

కరుణకుమారి బుక్కుకు జరీ గుడ్డ అంటించినా,
పెద్దమ్మగారి పాత దరా అంచు.
రాజోలు మనిషి, అందులో ప్రార్థనలు రాస్తానంది,
చూస్తే అన్నీ చేపల పులుసులే.

పక్కింటి కుసుమ్‌ది సింహళం.
దాని అక్షరాలు మన అక్షరాలకు పిన్నమ్మ కూతుళ్లు.
ఒక్కటీ చదవలేను గానీ
పెళ్లిలో చూసిన మొహాల్లా ఉంటాయి.

"చదువు రాని దానికి బుక్కెందుకే" అంది మస్తాన్‌బీ.
గళ్ల కాగితం కుట్టిచ్చినా.
రోజుకో గడి.
జీతమొచ్చిన దినం పచ్చ,
చెయ్యి లేచిన దినం నలుపు,
మిగతావి ఉత్తవి.
ఏడాది తిరిగినాక మాలియాలో బస్సు దిగి
సిగ్గుపడతా చూపించింది.
పచ్చవి తొమ్మిది.
నలుపు నేను లెక్కపెట్టలేదు.
"ఈసారి ఇంకొన్ని కాగితాలు ఎక్కువెయ్యి" అంది.

ఆమెదే కుడుతున్నా మొన్న.
నీళ్లకోసం దిగిన దలాల్ తలుపు తోసింది.
నా ఒళ్లో దాని లెక్కల నోటు,
నేలంతా చింపిన కాగితాలు.
దొంగతనమంటే ఏమవుతుందో ఇక్కడ
చెప్పేవాళ్లు చెప్పగా విన్నా.
దబ్బనం వేల్లో దిగింది, నొప్పి తెలీలా.

అది కూర్చుంది.
ఖర్జూరం అట్ట వాసన చూసింది.
"నాకూ ఒకటి" అంది.
ఈ కాగితాలతోనా అంటే మూతి ముడిచింది,
"ఇవి బడివి, వద్దు."

నా సొంత కాగితం ఏముంది ఈ ఇంట్లో?
గోడకున్న పోయినేటి తెలుగు క్యాలెండరు,
మన అంగడాయన ఊరికే ఇచ్చింది.
పన్నెండు నెలలూ దించి మడిచి కోసినా.
దాని పుస్తకం దాని పక్కనుంచే తెరుచుకోవాల గదా,
మొదటిసారి కుడివైపు కుట్టినా.
చెయ్యి వంకర పోయింది రెండుచోట్ల.

"ఇక్కడేం రాసుంది?"
దుర్ముహూర్తం, అన్నా.
అరబ్బీలో దానికేమంటారో రాదు.
"మంచి టైము కాదు" అని చెప్పినా.
కళ్లు పెద్దవి చేసింది. "ఇప్పుడా?"
"కాదులే, పోయినేటిది."

బియ్యం బస్తా కింద నాలుగు బుక్కులున్నాయి,
జిగురు ఆరాల.
శుక్రవారానికి ఇంకా రెండు రోజులు.