తిరగ్గొట్టిన వాక్యం

ఫర్వానియాలో రొట్టెల దుకాణం పక్క మెట్లెక్కితే
నేను కూర్చునే టైపింగ్ సెంటరు.
అకామా రెన్యువల్‌కి పావు దినారు,
ఫిర్యాదుకి అర.
ఎవరి మాట వాళ్లు చెబుతారు,
నా వేళ్లు అరబ్బీలో కొడతాయి.
అబద్ధమని తెలిసినా కొడతాను.
కింద సంతకం వాళ్లది కదా.

రాత్రి పదింటికి, గదిలో
ఏసీ నీళ్లు బకెట్లో చుక్కచుక్కగా పడుతుంటే
కూలి లేని రాతకి కూర్చుంటాను.
అందరూ రాసే, ఎవరిదీ కాని విజ్ఞాన సర్వస్వం.
మా వాగు మీద ఒక పేజీ.
పొన్నంగి పిట్ట మీద ఒకటి.
నాలుగు వాక్యాలే ఉన్న పేజీని మొలక అంటారక్కడ.
నీళ్లు కొనుక్కు తాగే ఈ దేశంలో
నేను పెంచిన పచ్చదనం
ఆ రెండువందల పదహారు మొలకలే.

సోమిశెట్టి వరదరాజులు పేజీ నేను మొదలెట్టింది కాదు.
మనుషుల్ని సరఫరా చేసే కంపెనీ ఆయనది.
అందులో ఒక్క వాక్యం మాత్రం నాది:
'ఆ వేసవిలో ఈ సంస్థ జహ్రా క్యాంపులో
నలభై ఒక్కమందికి ఏడు నెలల జీతం అందలేదు.'
కింద మూలం. పత్రిక, తేదీ, పేజీ నంబరు.
విశేషణం ఒక్కటీ వెయ్యలేదు.
పాపం అని కూడా అనలేదు.

చెప్పకుండా దాచింది ఒకటుంది.
ఆ నలభై ఒక్కమందిలో
నేను పంతొమ్మిదోవాణ్ణి.

మొన్న గురువారం మెట్ల మీద
ముందు అత్తరు వచ్చింది,
వెనక ఆయన మేనల్లుడు వచ్చాడు.
'తెలుగు బాగా కొట్టేది నువ్వేనటగా.
ఒక్క లైను తీసెయ్. దాత అని ఒక ముక్క పెట్టు.'
బల్ల మీద నాలుగు పది దినార్ల నోట్లు.
నన్ను గుర్తుపట్టలేదు.
క్యాంపులో మమ్మల్ని నంబర్లతో పిలిచేవాడు.

ఆ రాత్రి కొత్త పేరు పెట్టుకుని లోపలికెళ్లాను.
నా వాక్యం చివర కర్సరు నిలబెట్టి
వెనక్కి, వెనక్కి కొట్టుకుంటూ పోయాను.
ముందు నెలలు పోయాయి, తరవాత మనుషులు పోయారు.
సారాంశం గడిలో 'అచ్చుతప్పు సవరణ' అని రాశాను.
అచ్చుతప్పట.
నలభై ఒక్కమందిమి.

పదకొండు నిమిషాలు.
సులేమానీ ఇంకా చల్లారలేదు.
కొండగోగు అనే పేరు, ఏ ఊరో, ఆడో మగో,
వాక్యాన్ని తిరగ్గొట్టి మళ్లీ నిలబెట్టింది.
'మూలం ఉంది. కారణం చెప్పకుండా తీయొద్దు.'
ఆ వెంటనే నా పాత పేరుకి ఒక కబురు:
'మీరు చేర్చిన వాక్యాన్ని ఎవరో చెరుపుతున్నారండీ.
నేను నైట్ డ్యూటీకి వెళ్లాలి.
కాస్త కనిపెట్టుకుని ఉండండి.'

చరిత్ర అని ఒక మీట ఉంటుంది ప్రతి పేజీకీ.
నొక్కి చూశాను.
రాసిన చెయ్యి, చెరిపిన చెయ్యి
ఒకే మంచం మీద కూర్చున్నాయి.

తెల్లవారుజామున చర్చ పేజీలో రాశాను:
ఆ వాక్యం ఉన్నా, పోయినా నాకు లాభం ఉంది.
బాకీ రావలసినవాణ్ణి నేనే.
నలభై దినార్లు తీసుకుని తీసేసిన కొత్త పేరూ నేనే.
ఇకమీద ఈ పేజీ ముట్టను.
మూలం చదివి మీరే తేల్చండి.

డబ్బు తిరిగిచ్చావా అని కొండగోగు అడగలేదు.
నేనే లెక్కేసుకున్నాను, రొట్టె చుట్టిన కాగితం మీద:
నెలకి డెబ్బై ఐదు, ఏడు నెలలు, ఐదొందల పాతిక.
ముట్టింది నలభై.
బాకీ నాలుగొందల ఎనభై ఐదు.
ఈ లెక్కకి మూలం అడిగితే
చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

పొద్దున షట్టరు ఎత్తగానే
చేతిలో హెల్మెట్‌తో ఒక కుర్రాడు.
మూణ్ణెల్లుగా జీతం లేదట, ఫిర్యాదు రాయాలట.
ఏ కంపెనీ అని అడిగాను. చెప్పాడు.
శ్రద్ధగా కొట్టాను, అక్షరం పొల్లుపోకుండా.

అర దినారు తీసుకున్నాను.