ఖాళీ డబ్బా

డిసెంబరు మూడో శనివారం, మెట్టుగూడ.
గ్యాస్ సరిపోతుందో లేదోనని
సిలిండర్ని ఊపి చూసింది హెప్సి.
నేను గులాబీ అచ్చుని నూనెలో కాగబెడుతున్నాను.
అమ్మమ్మ మోండా మార్కెట్లో కొన్న అచ్చు,
పిడి మూడుసార్లు మారింది, పువ్వు మాత్రం అదే.

అచ్చు బాగా కాగాలి. తొందరపడితే పిండి పట్టదు.
అంచు దాటి ముంచావా, ఇక ఊడిరాదు.
ముప్పాతిక వంతు మునగాలి,
చలికాలం చెరువులో దిగినవాడిలా, మెడ దాకా.
ఆ తర్వాత నూనెలోకి, చుయ్‌మని.
రెండు విదిలింపులు, ఒక బతిమాలడం,
అప్పుడు వదులుతుంది పువ్వు.

మొదటి ఆరూ పాడయ్యాయి.
ఏటా అంతే. అవి మావి.

తార్నాకలో కళ్ళజోళ్ళ షాపు మీద
రెండంతస్తుల్లో ఇరవై ముగ్గురు పెద్దవాళ్ళు.
తాయారమ్మగారు గుడ్డు ముట్టరు,
ఆవిడ వాయికి కొబ్బరిపాలు, వేరే మూకుడు.
వేరే మూకుడేనని మూడుసార్లు చెప్పాలి,
నాలుగోసారి నమ్ముతారు.
దేవసహాయంగారికి షుగరు.
'తీపి తక్కువ' అని రాస్తే అలుగుతారు,
అందుకే ఆయన డబ్బా అడుగున
మాకే తెలిసేట్టు చిన్న ఎర్ర చుక్క.

మొదటేడు ప్లాస్టిక్ కవర్లలో ఇచ్చాను,
జరీ రిబ్బను కట్టి, ముడి మీద ముడి వేసి,
నా పనితనానికి నేనే మురిసిపోయి.
సువార్తమ్మగారి వేళ్ళు ఆ ముడి చుట్టూ
కాసేపు తిరిగి, తిరిగి,
పొట్లాన్ని దిండు కింద పెట్టేశాయి.
"తర్వాత తింటాలేమ్మా, ఇప్పుడే టిఫినైంది."
అప్పటికింకా టిఫిను రాలేదు.

మర్నాడే స్టీలు డబ్బాలు కొన్నాను,
వదులు మూతలవి ఏరి ఏరి.
షాపతను నవ్వాడు,
బిగుతువి అడిగేవాళ్ళనే చూశాడట ఇన్నాళ్ళూ.

ఈసారి అందరూ అక్కడే తెరిచారు.
టీలో ముంచితే పువ్వు మెత్తబడింది,
పళ్ళున్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒక్కటయ్యారు.
ఖుర్షీద్ ఆపా ఒక రేకు విరిచి
వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూసింది,
నగ తూకం చూసినట్టు.
"నూనె కొంచెం ఎక్కువ పీల్చింది బేటీ" అంది,
ఇంకోటి తీసుకుంది.
"నిదానంగా తినండి, డబ్బాలు తర్వాత పట్టుకెళ్తా"
అని చెప్పి వచ్చేశాను.
ఎంత మాట అన్నానో తెలీదు నాకు.

జనవరి మొదటివారంలో వెళ్ళాను.
కడిగి బోర్లించి ఉంటాయనుకున్నాను.
బల్ల మీద వరసగా, మూతలు పెట్టి ఉన్నాయి.
ఎత్తితే ఒకటి గలగలమంది.

టీతోపాటు ఇచ్చే చక్కెర పొట్లాలు రెండు,
ఎన్నాళ్ళు దాచారో, అంచులు నలిగి.
ఒకదాన్లో ఒకే ఒక్క ఖర్జూరం.
ఇంకోదాన్లో నాలుగు చొక్కా గుండీలు,
దారం ఎక్కించి పెట్టిన సూది.
ఎవరెక్కించి ఉంటారు, ఆ కళ్ళతో?
దేవసహాయంగారి డబ్బాలో చీటీ:
"చుక్క సంగతి నాకు తెలుసు.
వచ్చే ఏడు పెట్టకు."

పక్కింటి నుంచి పచ్చడి గిన్నె వస్తే
చిటికెడు పంచదారైనా వెయ్యకుండా
ఎన్నడూ తిప్పి పంపని చేతులు.
వంటిల్లు వదిలేసి వచ్చాయి,
అలవాటు వెంటబెట్టుకుని వచ్చాయి.

లెక్కపెడితే ఇరవై రెండే.
సువార్తమ్మగారిది లేదు.
గుండె గుభేలుమని గదికి పరిగెత్తాను.
మంచం మీదే ఉన్నారు, జడ అల్లుకుంటూ.
దిండు పక్కన తళతళా తోమిన డబ్బా.

"ఇవ్వననడం లేదమ్మా" అన్నారు,
తప్పు చేసిన చిన్నపిల్లలా.
"వెయ్యడానికేం దొరకలా.
దొరగ్గానే ఇస్తా."

ఊరికే ఇచ్చేయండి అనబోయి
నాలిక కరుచుకున్నాను.
"తొందరేం లేదండీ, ఉంచుకోండి" అన్నాను.

ఇరవై రెండు డబ్బాల సంచీతో బస్సెక్కాను.
ప్రతి గతుకులోనూ గుండీలు మోగాయి.
ఇరవై మూడోది బాకీ.
ఎవరికి ఎవరో
మెట్టుగూడ స్టాపు దాటిపోయినా తేలలేదు.