పోటా, పాటా?

పన్నెండో బెడ్డు లెంక సన్నాసిరావు
ముప్ఫై ఏళ్ళు పోర్టులో నీటిమట్టం చదివిన మనిషి.
గంటకోసారి కొలబద్ద చూసి
రూళ్ళ పుస్తకంలో అంకె వేసేవాడట,
వానైనా, తుపానైనా.
ఇప్పుడు ఆయన అంకెలు నేను వేస్తున్నాను,
గంటకోసారి,
రూళ్ళ కాగితం మీదే.

కాలి పుండులో మొదలైంది.
విషం నెత్తుటికెక్కింది.
ఒళ్ళంతా నాళాలు వదులైపోయాయి,
ముడి జారిన లంగరుతాడులా.
సాయంత్రం మూడు సీసాల సెలైన్ పోశాం,
పోసింది పోసినట్టు ఇసకలోకి ఇంకిపోయింది.
చేతులుబ్బాయి, పాదాలుబ్బాయి,
బీపీ మాత్రం లేవలేదు.
నాలుగోది తగిలించబోతుంటే
డాక్టర్ హైమావతి గారు ఆపారు:
"ఇక చాలు, ఊపిరితిత్తుల్లో చేరుతుంది.
కావలసింది నీళ్ళు కాదు, బిగింపు."
నోరడ్రెనలిన్.
గంటకు ఐదు మిల్లీలీటర్లు, ఎనిమిది, పదకొండు.
సగటు బీపీ అరవై ఐదు దాటితే
కిడ్నీలు తలుపు తీస్తాయని ఆశ.

ఊపిరి మిషనుది.
దాని తెర మీద ఒక అంకె పేరు టైడల్ వాల్యూమ్.
నర్సింగ్ చదివేటప్పుడు బట్టీపట్టిన మాట.
కేజీహెచ్ మెట్ట కింద హాస్టల్లో
రోజూ అలల మోతలోనే నిద్రపోయాను,
అయినా ఏనాడూ తట్టలేదు.
ఈయన పక్కన నిలబడ్డాకే తెలిసింది,
ఛాతీలోకి పోటు, ఛాతీలోంచి పాటు.
మూడువందల అరవై మిల్లీలీటర్లు, అంతే.
ఎక్కువిస్తే చిరుగుతుంది,
లోపల మిగిలింది చంటిబిడ్డకు సరిపోయే జాగా.
వదిలే ఊపిరిలోనూ కాస్త గాలి ఆపి ఉంచుతాం,
తడి గోడలు ఒకదానికొకటి అంటుకోకుండా.

రెండింటికి ఐదుగురం కలిసి బోర్లా తిప్పాం.
తల దగ్గర డాక్టరమ్మ, ట్యూబు వదలకుండా.
ఒకటి, రెండు, మూడు.
వీపువైపు మూసుకున్న అరలు తెరుచుకున్నాయి కాబోలు,
ఆక్సిజన్ ఎనభై నాలుగు తొంభై ఒకటైంది.
తొంభై తొమ్మిది ఎవరమూ అడగలేదు.
పురుగును చంపే మందు దాని పని అది చేసుకుంటుంది,
ఈలోపు మనిషి మునగకుండా చూడ్డం మా వంతు.

వరండాలో చెప్పులు తలకింద పెట్టుకుని వరహాలమ్మ.
ఆయన ఉద్యోగంలోంచి ఇంటికొచ్చిన మాటలు
ఆవిడకి రెండే తెలుసు.
నా చెయ్యి పట్టుకుంది:
"ఏటమ్మా, పోటా, పాటా?"

లాక్టేట్ ఆరు ఉండేది, ఐదు పాయింట్ ఎనిమిదైంది.
మిషను తప్పైనా అంత ఉంటుంది.
మూత్రం గంటకి పది, పది, పన్నెండు.
అటూ చెప్పలేను, ఇటూ చెప్పలేను.
"ఆయన పుస్తకంలో
అంకె మారని గంటలు ఉండేవా అమ్మా?"
ఆవిడ చాలాసేపు ఆలోచించింది.
"ఉండీవి. నీరు అలాగ నిలబడిపోద్దంట.
అప్పుడూ రాసీవోడు."

నాలుగు.
హార్బర్‌లో ఏదో ఓడ కూసింది.
కిటికీలో డాల్ఫిన్స్ నోస్ దీపం తిరిగి, పోయి, తిరిగింది.
వంగి కొలత గొట్టం చూశాను.
పద్దెనిమిది.
రాశాను.