నాలుగు మెట్లు

మా ఫిజియోథెరపీ గదిలో మెట్లు నాలుగే.
చెక్కవి. ఎక్కితే అవతల ఏమీ ఉండదు,
పెచ్చులూడిన గోడ, పోయినేటి క్యాలెండరు.
కుడివైపు పడిపోయిన బాలనర్సమ్మను
పదకొండు రోజులుగా
అవే ఎక్కిస్తున్నాను, అవే దింపుతున్నాను.

చిలకలగూడలో ఆమె గది రెండో అంతస్తు.
మెట్లెన్నో ఆమెకు తెలీదు.
"ఎక్కేటోళ్లు లెక్కవెడ్తరా బిడ్డా?" అంది.
మొన్న డ్యూటీ దిగి నేనే వెళ్లి లెక్కపెట్టాను.
ఇరవై ఆరు. పంతొమ్మిదో మెట్టు దగ్గర
రెయిలింగు విరిగి తాడు కట్టి ఉంది.

బుధవారం రౌండ్సు.
మంచం కాళ్ల దగ్గర అందరం నిలబడ్డాం.
డాక్టర్ శ్రీవర్ధన్ ఫైలు తెరవకుండానే చెప్పాడు:
బీపీ అదుపులో ఉంది, షుగర్ దిగింది,
మాట తేటపడింది, రేపు పంపేద్దాం.
పంపక ఏం చేస్తాడు పాపం,
కింద క్యాజువాలిటీలో ఒకే స్ట్రెచర్ మీద ఇద్దరు,
ఆ ఇద్దరి తాలూకు ఫోన్లూ అతనికే.

నేను ఇరవై ఆరు అన్నాను.
"మెట్లు నా ప్రిస్క్రిప్షన్‌లో లేవండీ" అన్నాడు,
మూడు రాత్రుల నిద్ర బాకీ ఉన్న గొంతుతో.
సిస్టర్ జెసింత నా వైపే అనుకున్నాను.
"ఇంకో వారం పడుకుంటే వీపు పుండవుతుంది, ఇల్లే నయం"
అంది, నన్ను చూడకుండా.
సోషల్ వర్కర్ తబస్సుమ్ గొంతు పెంచింది:
ఏ ఇల్లు? కూతురు హాస్టల్ వంటకి తెల్లారి నాలుగుకి పోతే
రాత్రి తొమ్మిదికి వస్తుంది. ఈలోగా
నీళ్లెవరిస్తారు? బాత్రూమ్‌కి ఎవరు పట్టుకుంటారు?
బయట గడియ పెట్టి పోతుందట, తెలుసా మీకు?

ఫ్యాను తిరిగింది.
ఎవరో రీహాబ్ సెంటర్ అన్నారు,
ఎవరో దాని నెల ఖర్చు చెప్పారు,
ఆ మాట అక్కడే కూలబడింది.

అంతలో మంచం మీంచి:
"ఇస్త్రీ పెట్టె ఆరు కిలోలుంటది సారూ.
బొగ్గులేస్తే ఇంక జర ఎక్కువ.
ఎడమచేత్తో అయితదా?"

మా నలుగురి కాగితాల్లో నలుగురు బాలనర్సమ్మలున్నారు.
ఇస్త్రీ పెట్టె ఒక్కదాంట్లోనూ లేదు.

అప్పుడు చూశాను దుప్పటి.
వార్డు మొత్తంలో ముడత లేని మంచం అదొక్కటే.
శుభ్రమైన పేషెంటని జెసింత మెచ్చుకునేది,
రాత్రి అలికిడి వింటే
'నిద్ర పట్టడం లేదు' అని చార్టులో రాసేది.
చీకట్లో, ఎడమ అరచేత్తో,
అంచు నుంచి అంచుకి,
ఈమె ఎప్పుడో పనిలో దిగిపోయింది.

"బండి ఎక్కడమ్మా?" శ్రీవర్ధన్ స్టూలు లాక్కుని
మొదటిసారి కూర్చున్నాడు.
"కిందనే, కిరాణం పక్కన. శేటు పట్టా కప్పి పెట్టిండు."

కూర్చున్నంత మాత్రాన తెగుతుందా?
లిఫ్టు దాకా తగువులాడుకుంటూనే వెళ్లాం.
పగలంతా బండి దగ్గరే ఉంటే
ఒక్కసారే ఎక్కాలి కదా అని నేను.
మరి ఒంటికీ రెంటికీ ఎక్కడికి అని తబస్సుమ్.
స్పర్శ తెలియని చేతి పక్కన నిప్పుల పెట్టా అని జెసింత.
బెడ్డు, బెడ్డు అని అతని ఫోను.
సోమవారం అని రాశారు చివరికి.
పెన్సిలుతో.

సాయంత్రం మా గదిలో బల్లమీద తువ్వాలు పరిచి
రెండు కిలోల ఇసుక సంచీ
ఆమె ఎడమచేతికిచ్చాను.
సంచీ వంక చూసింది.
"గిదేం బరువు బిడ్డా."
తర్వాత నా తెల్లకోటు కాలరు
రెండు వేళ్ల మధ్య పట్టి చూసి,
"ఎవడు చేసిండు గిది?
మడతే తప్పిండు."