ముప్పై ఏడు శాతం

కేసు మూత విప్పగానే తుమ్మొచ్చింది.
ఫ్యాను రెక్కల మీద తేజ కాయల దుమ్ము,
మూడు సీజన్ల ఎరుపు.

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు.
పాత బోర్డు పోతే నిన్న కొత్తది బిగించాను,
పాత ర్యామ్ పక్కన కొత్త ర్యామ్ గుచ్చాను.
అప్పట్నుంచి విండోస్ ఎక్కనని మొరాయిస్తోంది:
ముప్పై ఏడు శాతం దాకా వస్తుంది,
తెర నీలమైపోతుంది,
మళ్ళీ మొదటికి.

పెన్‌డ్రైవ్ మార్చాను. కేబుల్ మార్చాను.
బయోస్‌లో తెలిసినవన్నీ తిప్పి
తెలియనివి కూడా రెండు తిప్పాను.
బయట కాటా దగ్గర టిక్కీలు పేరుకుంటున్నాయి.
ఈపూరు రైతొకాయన పట్టీ కోసం
గుమ్మంలో గొంతుకూర్చుని
కంప్యూటర్ని కాదు, నన్నే చూస్తున్నాడు.
షావుకారు ఏమీ అనడు.
ఆయన బదులు గోడ గడియారం అంటుంది.

ఒక్కో ముక్కా విడిగా పెట్టి చూశాను.
పాతది ఒక్కటే ఉంటే పరీక్షలో పాసు.
కొత్తది ఒక్కటే ఉన్నా పాసు.
రెండూ మంచివే,
పక్కపక్కన ఉండటమే వాటికి చేతకావట్లేదు,
మా అత్తనీ నన్నూ ఒకే వంటింట్లో పెట్టినట్టు.
సరేనని కొత్తదాని వేగం తగ్గించాను,
పాతది అందుకునేటంత.

ముప్పై ఏడు.
చాలాసేపు ముప్పై ఏడే.
ఊపిరి బిగబట్టాను, ఘాటుకో భయానికో తెలీదు.
ముప్పై ఎనిమిది.

అంతా అయ్యేసరికి
గుమస్తా కోటిలింగం గారు
కార్బన్ కాగితం పెట్టి పట్టీలన్నీ చేత్తో రాసేశారు.
రైతు ఎప్పుడో బస్సెక్కాడు.
కొత్త తెర వెలిగి మొదటి ప్రశ్న వేసింది:
మీది ఏ దేశం?
చదివి వినిపించాను.
"గుంటూరని కొట్టు మస్తాన్‌బీ," అన్నారాయన
కలం మూత పెడుతూ.

లిస్టులో వెతికాను కూడా.